ఎండ మళ్లింపు రుసుము

భ్రమరాంబ వడియాలు పెట్టి అమ్ముకుని బతుకుతుంది. తెనాలిలో అన్ని మేడల మీదా సోలార్ పలకలు వచ్చి చాలా ఏళ్లయింది. ఈ నెల బిల్లులో ‘ఎండ మళ్లింపు రుసుము’ అని కొత్త వరుస కనబడేసరికి, ఆమె నేరుగా కరెంటాఫీసుకు వెళ్లి బిల్లును బల్ల మీద కొట్టింది.

“ఇదేంటి బాబూ?”

“పలకలు లేని చోట పడే ఎండ కూడా సంస్థదేనమ్మా. మీరు దాన్ని వడియాలకి వాడేశారు,” అన్నాడు గుమాస్తా.

“మేడ మాది, పలకలు మావి, ఎండ మీదా? పొద్దున్నే సూర్యుణ్ణి నువ్వే లేపుతున్నావా?”

“కట్టకపోతే కరెంటు తీసేస్తాం.”

“తీసేసుకో నాయనా. నా వడియాలు కరెంటుతో ఎండవు.”

ఇంటికి వచ్చి పిండి ఉడికించింది. ఈసారి మేడ మీద గుడ్డ పరవలేదు. పలకలు శుభ్రంగా కడిగి, వాటి మీదే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వడియాలు పెట్టింది.