గడప మీద మనిషి

డెట్రాయిట్‌లో మందుల షాపుల తలుపులు మనుషుల ముఖం చూసి తెరుచుకోవడం మొదలై ఏళ్ళయింది. ఆ రోజు మందాకినికి తెరుచుకున్న తలుపు, వెనకే వస్తున్న పొరుగింటి నల్లజాతి పెద్దావిడ లొరేన్‌ను చూసి మూసుకోబోయింది.

“నా కొడుకు నిరసన ఊరేగింపులో అరెస్టయిన దగ్గర్నుంచీ దీనికి నా మొహం గిట్టదు. నువ్వెళ్ళి నా ఇన్సులిన్ పట్రా,” అంది లొరేన్, అలవాటైపోయిన నవ్వుతో.

ఆ నవ్వు చూసేసరికి మందాకినికి ఒళ్ళు మండిపోయింది. మనిషి అడ్డుంటే తలుపు మూసుకోదు. వెళ్ళి సరిగ్గా గడప మీద నిలబడింది. అలా నిలబడితే లక్ష్మి లోపలికి రాదని చిన్నప్పుడు అమ్మ పెట్టిన చీవాట్లు గుర్తొచ్చినా కదల్లేదు.

“నువ్వు రా అక్కా.”

“పిచ్చిపిల్లా, రేపట్నుంచి నీకూ తెరవదే!”

“తెరవకపోతే పీడా పోయింది. ముందు నువ్వు నడువు.”

తలుపు కీచుకీచుమని మొత్తుకుంది. దారికి అడ్డంగా ఉన్నారని వెనక చేతికర్రతో నిలబడ్డ తెల్ల ముసలాయన విసుక్కున్నాడు. లొరేన్ మాత్రం చాలాకాలం తర్వాత తన మందు తానే తెచ్చుకుంది.

ఆవిడ అన్నంతా అయింది. మరుసటి వారం తలుపు ఇద్దరికీ తెరుచుకోలేదు. “చెప్పానా?” అంటూ లొరేన్ వెనక్కి తిరగబోతుంటే తలుపు జరిగింది. లోపల్నుంచి వస్తున్న ఆ చేతికర్ర ముసలాయన వాళ్ళిద్దర్నీ చూసి గడప మీదే ఆగిపోయాడు.

“నాకేం తొందర లేదు. మీరు వెళ్ళి రండి,” అన్నాడు.

మందాకిని లొరేన్ చెయ్యి పట్టుకుంది.

“కుడికాలు ముందు పెట్టక్కా.”