పిల్లలకే సెలవు

“రేపు మీ భవానిని బడికి పంపకండి.”

ఈ ఒక్క ముక్క చెప్పడానికే మధుబాబు మాస్టారు సాయంత్రం బడి వదలగానే నేతవారి వీధికి వచ్చాడు. వచ్చి, కనకమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆవిడిచ్చిన కాఫీ అంతా తాగేశాడు గానీ, ఆ ముక్క మాత్రం గొంతు దాటి రావడం లేదు.

రేపు మూడో తరగతి పిల్లలు ఎలా చదువుతున్నారో చూడ్డానికి అమలాపురం నుంచి ఆఫీసరు వస్తోంది. ఈ ఏడాది కొత్త స్కీము మరి. తరగతి పిల్లలంతా తడుముకోకుండా చదివితే ఆ మాస్టారికి జీతం మీద ప్రోత్సాహకం ఇస్తారు. అది తనకి రాక ఇంకెవరికి వస్తుంది? మధుబాబుకి ఆ విషయంలో అణుమాత్రం అనుమానం లేదు. పిల్లల్ని అలా తయారు చేశాడు. స్టాఫుకి పంచడానికి ఆత్రేయపురం పూతరేకులు కూడా ముందే అడ్వాన్సిచ్చి చెప్పి ఉంచాడు.

వచ్చిన చిక్కల్లా ఈ భవానితోనే. బడి తెరిచిన కొత్తలో చదవమంటే మొదటి మాట దగ్గరే బిగుసుకుపోయింది. ఆ రోజే మాస్టారు ఆ పిల్ల మీద ఆశ వదిలేసుకున్నాడు. పరీక్ష రోజు బడికి వచ్చినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారట. అంచేత ఆ ఒక్క పిల్లా రాకుండా ఉంటే చాలు, ప్రోత్సాహకం జేబులో పడ్డట్టే.

“మా పిల్ల ఎలా చదువుతోందండి మాస్టారూ?” వీధిలో మగ్గాలకి ఇచ్చే కండెలకి నూలు చుడుతూనే అడిగింది కనకమ్మ.

మీ పిల్ల మొద్దు అని తల్లి మొహాన ఎలా అంటాడు? అందులోనూ ఆవిడ కాఫీ తాగి! కోనసీమలో పుట్టినవాడికి అంత కటువు మాట నోటికెలా వస్తుంది?

“బంగారమండి మీ పిల్ల! అదలా ఉంచండి. రేపు బడికి సెలవండి. ఆ మాట చెప్పి పోదామనే వచ్చేను.”

“సెలవా? ఎందుకండి?”

“పైనుంచి ఆర్డరండి. సెలవు పిల్లలకేలెండి. నాకు మాత్రం బళ్ళో రాతపని తప్పదు.”

“ఆయ్, అలాగేనండి. పాపం, ఇంత చిన్న మాట కోసం మీరే నడిచొచ్చేరా!”

అబద్ధం ఇంత సులువుగా అతికినందుకు మధుబాబు ఈలేసుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని బడికి వచ్చేసరికి అక్కడ ఆఫీసరు ఉమామహేశ్వరి ఉంది, హెడ్మిస్ట్రెస్ సరోజిని ఉంది. పిల్లలు మాత్రం లేరు. మూడో తరగతే కాదు, బడి మొత్తంలో ఒక్క పిల్ల కూడా లేదు. ఆ బడికొచ్చేదంతా నేతవారి వీధి పిల్లలే మరి.

“పిల్లలేరండీ?” చేతిలో ట్యాబు పట్టుకుని అడిగింది ఆఫీసరు.

సరోజిని ఆ వీధిలోనే ఉండే ఓ పిల్లాడి తండ్రి అబ్బులుకి ఫోను చేసి, స్పీకరు నొక్కింది.

“ఇవాళ సెలవని మధుబాబు మాస్టారే స్వయంగా ఇంటికొచ్చి చెప్పేరంట కదండి!” అబ్బులు హుషారుగా అరిచాడు. “కండెలు ఇవ్వడానికి వచ్చినప్పుడు కనకమ్మ గారు ఇంటింటికీ చెప్పేరండి. ఎలాగూ సెలవే కదా అని పిల్లలందర్నీ ఆటోలెక్కించి ఓడలరేవు బీచికి తీసుకొచ్చేసేమండి!”

వెనకాల అలల హోరు, పిల్లల కేరింతలు ఫోనులో స్పష్టంగా వినిపించాయి. సరోజిని మాస్టారి వంక కాల్చేసేలా చూసింది. మాస్టారు కిటికీలోంచి కొబ్బరిచెట్ల వంక చూశాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఓ పిల్ల క్యారేజీ పట్టుకుని నిలబడింది. భవాని!

“అమ్మ పనసపొట్టు కూర పంపిందండి. పిల్లలకి సెలవైతే బళ్ళో వంట ఉండదు, మాస్టారు పస్తుంటారని.”

“ఏ తరగతమ్మా?” అంది ఆఫీసరు.

“మూడండి.”

“అయితే రా, కూర్చో. ట్యాబులో మార్కులు ఎక్కించే గడువు ఇవాల్టితో అయిపోతుంది. ఉన్నవాళ్ళతోనే కానిచ్చేద్దాం.”

మధుబాబు గబుక్కున అడ్డొచ్చాడు. “మేడం, ఆ పిల్లకి ఒంట్లో బాగోలేదండి...”

“బాగానే ఉందండి,” అంది భవాని.

ఇక చేసేదేం లేదు. పూతరేకులకిచ్చిన అడ్వాన్సు గంగలో కలిసిందనుకుని మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు తెరిచిచ్చిన పాఠం భవాని గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. చుక్క దగ్గర ఊపిరి పీల్చుకుంది. ముసలమ్మ మాటల దగ్గర ముసలమ్మ గొంతు పెట్టింది. ఆఫీసరు ముచ్చటపడి ఇంకో పాఠం తీసిచ్చింది. అదీ అంతే. మాస్టారు కళ్ళు తెరిచి నోరు కూడా తెరిచాడు.

“వచ్చినవాళ్ళంతా బ్రహ్మాండంగా చదివినట్టే కదండీ! నూటికి నూరు!” ఆఫీసరు నవ్వుతూ ట్యాబు నొక్కింది. “ప్రోత్సాహకం మీదే మాస్టారూ. పిల్లల్ని బాగా తయారు చేసేరు.”

కారు వెళ్ళిపోయింది. మధుబాబుకి ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పరుగున వచ్చి భవాని ముందు కూర్చున్నాడు.

“నీ ఇల్లు బంగారంగానూ! ఇంత చదువు వచ్చి కూడా ఏడాదంతా క్లాసులో నోరెత్తలేదేమే?”

భవాని క్యారేజీ మూత తీసి ఆయన ముందు పెట్టింది.

“మీరు చదవమంటారని రోజూ నేర్చుకునే వచ్చేదాన్నండి. నా దాకా వచ్చి, నన్ను దాటేసి పక్కపిల్లని లేపేవారు కదండి.”