రెండంగుళాల ఎత్తు

"పంతొమ్మిది పానా..." అంటూ జీపు కింద నుంచి ఆయన చెయ్యి చాపేలోపే, ఆవిడ పానా అందించేసింది.

"అదేంటోయ్, అడక్కముందే ఇచ్చేస్తున్నావ్?"

"ముప్పై ఏళ్ళ కాపురం. మీకేం కావాలో ఆ మాత్రం తెలీదా?"

ఆయన నవ్వాడు. పొద్దున ఆరింటికి కొత్త స్ప్రింగుల పెట్టె ముందు కూర్చున్నప్పటి నుంచి ఆ మొహం వెలిగిపోతూనే ఉంది. ఒకదాని మీద ఒకటి ఎన్ని టేపులు అంటించారో, కొట్టువాళ్ళకి ఎంత శ్రద్ధో అని మెచ్చుకుంటూ విప్పాడు. మూడు చక్రాల దగ్గర పని అయిపోయింది. నాలుగోది మిగిలింది.

"ఇంత పాత జీపు, బోల్టులు మొరాయిస్తాయనుకున్నా. చేత్తో తిప్పినా తిరిగేలా ఉన్నాయి! వాగు దగ్గరికి వెళ్ళాలని దీనిక్కూడా ఉన్నట్టుంది."

కొండ అవతలి వాగు అది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ నడిచి వెళ్ళి, నీళ్ళ మధ్య బండరాయి మీద పొద్దు వాలేదాకా కూర్చున్నారు. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు అంత దూరం నడవనివ్వవు. జీపులో వెళ్దామంటే దారిలో రాళ్ళు అడుగుకి తగులుతాయి. ఈ కొత్త స్ప్రింగులతో బండి రెండంగుళాలు లేస్తే చాలు.

"ఒక్కసారి నిన్ను మళ్ళీ ఆ రాయి మీద కూర్చోబెడితే నాకింకేం అక్కర్లేదు. రేపేగా మనం వెళ్ళేది?"

"రేపే. ఆ కింది బోల్టు ఇప్పుడే బిగించకండి. చక్రాలు నేలకి ఆనాకే బిగించాలి."

సూచనల కాగితం ఆవిడ ఒళ్ళో మడత పెట్టే ఉంది. మడతల దగ్గర చిరుగులు పట్టింది. మగవాళ్ళు ఇలాంటి కాగితాలు చదవరు, చదివిన పెళ్ళాన్ని నమ్మరు. ఈయన మాత్రం బుద్ధిగా పానా పక్కన పెట్టాడు.

జాకీ దించి, చివరి బోల్టులు బిగించేసరికి మధ్యాహ్నమైంది. జీపు మునివేళ్ళ మీద లేచి నిలబడ్డ పిల్లలా ఉంది. ఆయన పీట వేసి ఆవిణ్ణి ఎక్కించి, తను స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి స్టార్ట్ చెయ్యలేదు.

"కళ్ళు మూసుకో. ఇదిగో మలుపు... పట్టుకో, రాళ్ళొచ్చాయి... అదిగో వాగు!"

ఆవిడ కాళ్ళు పైకెత్తింది.

"తడుస్తావనా?"

"చల్లగా ఉన్నాయండీ నీళ్ళు."

నిజంగానే పాదాలు చల్లబడ్డట్టు అనిపించింది. షెడ్డు రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండ ఇద్దరి మీదా నీళ్ళలా కదిలింది. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆపుకుంది.

"అక్కడికెళ్ళాక నీకో మాట చెప్పాలి. గుర్తు చెయ్యి," అన్నాడు.

"ఏం మాట?"

"ఏమో మరి. వెళ్తే గుర్తొస్తుంది."

అన్నం తిని ఆయన వరండాలో పడక కుర్చీలో వాలాడు. "రేపు ఆరింటికల్లా లేపు," అని ఆవిడ చెయ్యి పట్టుకునే నిద్రపోయాడు.

ఆవిడ మెల్లగా చెయ్యి విడిపించుకుని షెడ్డులోకి వచ్చేసరికి, జాకీ అరువిచ్చిన పక్కింటి మెకానిక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పూర్తయిందా అక్కా?"

"అయింది తమ్ముడూ. ఎంత సంతోషంగా పడుకున్నారో! లేచేసరికి ఇదంతా మర్చిపోతారు."

"ఒక్కసారి నేను నడుపుతాను, ఇద్దరూ వెళ్ళి రండి."

"వెళ్ళొచ్చేస్తే, ఆయన ఎదురుచూడ్డానికి రేపేం మిగులుతుంది?"

మెకానిక్ పానా అందుకున్నాడు. ఆవిడ ఖాళీ పెట్టె దగ్గరికి లాక్కుని, కొత్త టేపు చుట్ట తీసింది.

ప్రతి ఆదివారంలాగే, పాత స్ప్రింగులు తిరిగి బిగించడానికి అతను జీపు కిందికి దూరాడు.