కొత్తన్నం నాటి అతిథి

పొద్దుటి బస్సులోంచి ఒక్కరే దిగారు. పెయ్‌లాన్ కాదు. వీపున సంచీతో, ఇరవై ఏళ్ళ పట్నం పిల్ల.

"కొండల్లో తిప్పి చూపించే గైడు మీరేనా?" అని అడిగింది.

ముసలాయన ఆమె భుజం మీదుగా ఖాళీ బస్సులోకి మరోసారి తొంగిచూశాడు. అప్పుడు తలూపాడు.

ఆయనకూ ఒకప్పుడు ఒక పేరుండేది. ఆ కొండల్లో తొలి బిడ్డ పుట్టగానే తండ్రి పేరు మరుగునపడుతుంది. బిడ్డ పేరుతోనే ఊరు అతణ్ణి పిలుస్తుంది. అలా ఆయన పెయ్‌లాన్ అయ్య అయ్యాడు. ఆ పెయ్‌లాన్ పరాయి ఊరివాణ్ణి చేసుకుంటానన్న నాడు, మళ్ళీ ఈ గడప తొక్కవద్దని అరిచాడు. కూతురు ఆ మాట మన్నించింది. ఇరవై రెండేళ్ళు గడిచాయి. పేరు మాత్రం ఆయనను విడిచిపోలేదు.

ఈ ఏడు, ఫ్యాక్టరీ పనులకు పట్నం వెళ్ళే ప్రతివాడి చేతా కబురు పంపాడు: కొత్తన్నం పండుగకు ఒక్కసారి రమ్మని. ఆ పండుగ ఇవాళే. ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేక ఈ గైడు పని ఒప్పుకున్నాడు. ఇంకా రెండు బస్సులున్నాయి.

పిల్ల పేరు యీనింగ్. పైకప్పున్న వంతెన పక్కన టీ దుకాణంలో కూర్చున్నారు. దుకాణం నడిపే ఆమె మనవడి పేరుతో ఆలియాంగ్ నాయనమ్మ అయిపోయి పదేళ్ళయింది.

"ఏం పెయ్‌లాన్ అయ్యా, నీ ఈడువాళ్ళందరూ మనవల పేర్లు తగిలించుకుని తాతలైపోయారు. నువ్వొక్కడివే ఇంకా అయ్య దగ్గరే ఆగిపోయావు."

"సాయంత్రం దాకా ఆగు వదినా. నా కొత్త పేరేంటో నువ్వే వచ్చి అడుగుతావు."

యీనింగ్ తల వంచుకుని, బొరుగులు తేలే ఉప్పు టీ తాగింది. పంది మాంసం వేపుడు పళ్ళెం మాత్రం పక్కకు జరిపింది.

"లావైపోతావని భయమా?" ముసలాయన నవ్వాడు. "పట్నం పిల్లలందరిదీ ఇదే గోల."

చూడవలసినవన్నీ ఆమె ఒక కాగితం మీద రాసి తెచ్చుకుంది. జలపాతం వెనుక సందులోంచి నడవాలి. తెప్ప మీద నిలబడి సుడి దాటాలి. వరిమడిలో చేపలు పట్టి, గట్టు మీదే కాల్చుకుని తినాలి.

"జలపాతం వెనక దారి మా ఊళ్ళోనే సగం మందికి తెలీదు. నీకెవరు చెప్పారు?"

"ఎక్కడో విన్నాను."

ఈ రోజుల్లో ఫోనుల్లో దొరకనిదేముంది అనుకున్నాడాయన.

జలపాతం వెనుక ఆమె చాలాసేపు నిలబడిపోయింది. పాచిపట్టిన రాతిని అరచేత్తో తడిమింది. ఆ తరువాత సుడి దగ్గర తెప్ప ఒక పక్కకు ఒరిగింది. ఆమె గెడ వదిలేసి, సంచీని గుండెకు హత్తుకుంది. ముసలాయన రెక్క పట్టి లాగాడు.

"సంచీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నువ్వు పోతే మీ అమ్మకి నేనేం జవాబు చెప్పాలి?"

ఆమె సంచీ పట్టీలు మరింత బిగించుకుంది.

మధ్యాహ్నం, కోతలైపోయిన మడిలో మోకాలి లోతు బురదలోకి దిగి, నాలుగు చేపలు పట్టారు. గడ్డి మంట వేసి కాల్చారు. పచ్చిమిరప, ఉప్పు నూరి అద్దుకున్నారు. వేళ్ళు కాలుతున్నా ఆగక తిన్నదామె. అప్పుడే కొండ మలుపులో రెండో బస్సు కనిపించింది. "మా అమ్మాయి దిగుతుందేమో," అంటూ ముసలాయన లేచి నిలబడ్డాడు. బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఆమె వస్తే ముందు ఏమంటారు?" అని అడిగింది యీనింగ్.

"ఏమంటాను? అన్నం తిన్నావా అంటాను. ఇన్నేళ్ళూ ఎన్నో మాటలు కూడబెట్టుకున్నానమ్మా. అన్నీ వడగడితే అదొక్కటే మిగిలింది."

యీనింగ్ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే అన్నిట్లోకీ పెద్ద చేపను ఏరి, ఆకులో చుడుతున్నాడు.

"ఇది మా అమ్మాయికి. గట్టు మీద కాల్చింది తప్ప తినేది కాదు."



సాయంత్రం ఆఖరి బస్సు వచ్చింది. గొడుగులు బాగుచేసేవాడు దిగాడు. బడి పంతులు దిగాడు. డ్రైవరు తలుపు మూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. దుమ్ము అణిగేదాకా ముసలాయన అక్కడే నిలబడ్డాడు. ఆలియాంగ్ నాయనమ్మ ఈసారి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకు ఎక్కువ నొప్పి పెట్టింది.

"మీ ఇంట్లో భోంచెయ్యొచ్చా?" నెమ్మదిగా అడిగింది యీనింగ్.

"రా తల్లీ. ఎలాగూ ఇద్దరికని సిద్ధం చేసి పెట్టాను."

కొత్త బియ్యం అన్నం పొగలు కక్కుతోంది. జాడీలోంచి ఊరవేసిన చేప తీశాడు. పండుగకని ప్రత్యేకంగా ఉడికించిన పంది మాంసం ముక్కలు ఆమె గిన్నెలో వేశాడు. ఆమె వాటిని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టి, చేప అందుకుంది.

ముసలాయన రోజంతా బిగపట్టుకున్న బాధంతా ఆ ముక్కల మీదికి మళ్ళింది.

"పండగపూట ఇదేం చోద్యమమ్మా? మా ఊళ్ళో కన్నవాళ్ళు పోయి, ఇంకా మట్టిచెయ్యని బిడ్డలే ఇలా మాంసం మాని, చేపతో సరిపెట్టుకుంటారు."

"తెలుసు తాతయ్యా," అంది యీనింగ్, సంచీని ఒళ్ళోకి తీసుకుని, "అమ్మ చెప్పే పోయింది, తన అస్థికలకి మట్టి మీ చేత్తోనే వేయించమని."