నిండు తొట్టె

సినిమా హాలు మరమ్మతులకు మూతపడిన రోజే చలిమామ భార్య పోయింది.

హాలుకు చల్లగాలి పంపే యంత్రాలన్నీ అతని చేతిలో ఉండేవి కాబట్టి అందరూ అతన్ని అలా పిలిచేవారు. ఆ రాత్రి ఆట అయ్యాక హాలు మూసెయ్యాలి. మధ్యాహ్నం, భార్య ఉన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే మేనేజర్ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"ఆఖరి ఆట అయ్యాక వెళ్లవయ్యా. హాలు ఉడికిపోతే జనం కుర్చీలు విరగ్గొడతారు," అన్నాడు మేనేజర్.

చలిమామ ఆఖరి ఆట దాకా ఉన్నాడు. ఆమె ఉండలేదు.

ఆ సంగతి మేనేజర్ గుండెలో ముల్లులా మిగిలింది. పరామర్శకు వెళ్లే ముఖం లేక, ఇక పనిలోకి రావద్దని కబురు పంపాడు. ఎదురుపడకపోతే చాలనుకున్నాడు.

నెలలు గడిచాయి. తెల్లారితే హాలు తెరుస్తారనగా, పిలవకుండానే చలిమామ గేటు దగ్గర నిలబడ్డాడు. చేతులకు రబ్బరు తొడుగులు, మెడలో మాస్కు, పక్కన నీలం క్యాను. మూత బిగించి ఉన్నా దాని ఘాటు ముక్కును కోస్తోంది.

"ఏంటయ్యా అది?"

"మేడ మీద పనుంది సార్. తాళం ఇప్పించండి."

"నీకిక్కడ ఇంకా పనేంటి?"

"ఆ రోజుది మిగిలిపోయింది."

మేనేజర్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. మేడ మీద కూలింగ్ టవర్ ఉంది. యంత్రాల వేడిని మోసుకొచ్చే నీళ్లు అక్కడ ఫ్యాను గాలికి చల్లబడి, అడుగున ఉన్న తొట్టెలో పడతాయి. అక్కడి నుంచి ఎగిరే తుంపర హాలు చుట్టూ వాలుతుంది.

చలిమామ అతని భుజం మీదుగా పెరట్లోకి చూశాడు. హాలు వెనకే మేనేజర్ ఇల్లు.

"పెద్దమ్మగారు ఇప్పటికీ అక్కడే కూర్చుంటారా?"

"మా అమ్మ ఊసెందుకు నీకు?"

"ముందు ఆవిణ్ణి ఎక్కడికైనా పంపించెయ్యండి సార్. రేపు ఆ ఫ్యాను తిరిగిందంటే..."

"ఒరేయ్, పట్టుకోండ్రా వీణ్ణి! విషం తెచ్చాడు!"

గార్డులు ఇద్దరూ రెక్కలు పట్టి ఈడ్చారు. చలిమామ గింజుకుంటూ అరిచాడు: "విషం నేను తేనక్కర్లేదు సార్!"

"పిచ్చి ముదిరింది పాపం," అన్నాడో గార్డు, క్యాను కాలువలో గుమ్మరిస్తూ. వాడి కళ్లు ధారకట్టాయి. "మా ఆవిడ తిట్టినా ఇన్ని నీళ్లు రాలేదు సార్!"

మేనేజర్ మేడ తాళం తన జేబులోనే పెట్టుకున్నాడు.

పొద్దున్నే కొత్త మెకానిక్ పైకి వెళ్లి నవ్వుతూ దిగాడు. "తొట్టె నిండుగానే ఉంది సార్. నీళ్లు పట్టే పని తప్పింది."

"పోనీలే, ఆ మహానుభావుడు చేసిన ఒక్క మంచిపని," అన్నాడు మేనేజర్.

ఫ్యాను తిరిగింది. హాలు చల్లబడింది. పెరట్లో తల్లి కుర్చీ వేయించుకుని ముఖం పైకెత్తింది.

"ఎన్నాళ్లకురా, వానజల్లులా ఉంది! కాస్త నాచు వాసనేస్తోంది గానీ."

"కొత్తలో అంతేనమ్మా."

వారం తిరక్కుండా ఆవిడకు జ్వరం, దగ్గు. చూస్తుండగానే ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో డాక్టరు మేనేజర్‌ను పక్కకు పిలిచాడు.

"పక్క మంచాల్లో ఉన్నవాళ్లంతా మీ హాలుకొచ్చినవాళ్లే. అక్కడి గాలిలోనే ఏదో ఉంది."

మేనేజర్ అట్నుంచటే చలిమామ ఇంటికి వెళ్లి కాలరు పట్టుకున్నాడు.

"మా అమ్మకేమన్నా అయితే నిన్ను బతకనివ్వను! ఎలా ఎక్కావురా మేడ? ఏం కలిపావు తొట్టెలో?"

చలిమామ విడిపించుకోలేదు.

"కలపనిచ్చారా సార్?"

"మరి ఆ క్యాను?"

"నిలవనీళ్లలో పుట్టి, తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోయే పురుగుకు మందు."

"నిలవనీళ్లేంటి? హాలు మూస్తే తొట్టె ఖాళీ చెయ్యడం నీ పనేగా!"

చలిమామ గోడ మీది భార్య ఫొటో వైపు చూశాడు.

"ఆఖరి ఆట అయ్యాక చెయ్యాల్సిన పని సార్ అది."

మేనేజర్ కాలరు వదిలేశాడు. జేబులో ఫోన్ మోగింది. అవతల కొత్త మెకానిక్, వెనక జనం ఈలలు.

"మ్యాట్నీ ఫుల్ సార్! ఫ్యాను జోరు పెంచాను. బయట క్యూలో ఉన్నవాళ్లకు కూడా జల్లు పడుతోంది!"

ఆ తొట్టె ఇంకా ఎవరూ ఖాళీ చెయ్యలేదు.