గాలికెదురొచ్చిన బుడగ

కెనడాలోని రెజైనా ల్యాబులో ఆ రాత్రి మహీధర్, అతని జూనియర్ తేజశ్రీ ఇద్దరే మిగిలారు. తెరమీద భూమధ్యరేఖ. చీకటి పడ్డాక అక్కడి పైగాలులు ఆకాశపు పైపొరలోని ప్లాస్మాను, అంటే విద్యుదావేశమున్న వాయువును, కదిలిస్తుంటే, అందులో బుడగల్లా ఖాళీలు లేస్తున్నాయి. అన్నీ గాలివాటున తూర్పుకే కొట్టుకుపోతున్నాయి.

"అన్నా, ఇదొక్కటి గాలికెదురుగా మనవైపు వస్తోంది."

"పగలంతా కాఫీ షాపులో కప్పులు కడిగి, ఇప్పుడు నాకు సైన్స్ చెప్తున్నావా? నాయిస్ అది. డిలీట్ చెయ్."

తేజశ్రీ డిలీట్ చేసి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

'చదువుకొచ్చారా, వీసాకొచ్చారా ఈ మంద!' అని ఈసడించుకుంటూ మహీధర్ తెరవైపు తిరిగాడు. బుడగ మళ్లీ ఉంది. సరిగ్గా రెజైనా మీద.

బుడగల సంకేతాలు అందుకునే రేడియో రిసీవర్ గరగర టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో స్పీకర్లోంచి తన గొంతే, అదే ఈసడింపుతో వినిపించింది.

"నాయిస్ అది. డిలీట్ చెయ్."

ఆ బుడగ అవతలి నుంచి ఎవరో, "సరే" అన్నారు.