గొంతు పోయిన కీచురాళ్లు

"నోర్ముయ్ నెవిల్! ఒక్క నిమిషం ఆ పాడు నోరు మూసుకుని విను," అన్నాడు డార్సీ, షెడ్డు తలుపు బార్లా తెరిచి.

నెవిల్ నోరు మూశాడు. బండబర్గ్ ఊరి చుట్టుపక్కల ఎవరూ ఎన్నడూ చూడని వింత అది. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల ఓ పక్కకి వాల్చి నిలబడ్డాడు. షెడ్డులో రెండు వైపులా అరల నిండా ప్లాస్టిక్ తొట్లు. తొట్లలో నిలబెట్టిన కోడిగుడ్ల అట్టలు. ఆ అట్టల మడతల్లో కప్పలకీ బల్లులకీ మేతగా పెంచుతున్న కీచురాళ్లు, సంతలో జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కి తిరుగుతున్నాయి.

"వినిపిస్తోందా?"

"ఏం వినిపించాలి?"

"పాటరా! వీటి పాట వినిపిస్తోందా?"

నెవిల్ రెండో చెవి కూడా తిప్పి చూశాడు. "లేదు. చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు."

డార్సీ మొహం పాలిపోయింది. నెవిల్ చెవంటే ఆషామాషీ చెవి కాదు. చెరుకుతోటల అవతల ఎవడైనా బీరు డబ్బా మూత లేపితే, అది ఏ రకం బీరో ఇక్కణ్ణించే చెప్పేస్తానని కుర్రప్పట్నుంచీ ఊరందరితో పందేలు కాసిన చెవి. అలాంటి చెవికే అందలేదంటే ఇక చెప్పుకోవడానికేం లేదు.

"కొన్నాళ్ల నుంచీ సన్నబడుతూ వస్తోంది. ఇవాళ పూర్తిగా పోయింది. ఇది ఆ తెగులేరా."

"ఏ తెగులు?"

"దక్షిణాన ఫారాలకి ఫారాలు తుడిచిపెట్టేసిందే, అది. ముందు గొంతు తీస్తుంది. తర్వాత కాళ్లు. ఆపైన తొట్టి తొట్టంతా వెల్లకిలా పడుంటుంది."

"వెల్లకిలానా? చూడు ఎలా గెంతుతున్నాయో. నీకంటే అవే నయం."

డార్సీ ఓ తొట్టి మూత తీసి వేలితో చూపించాడు. క్యారెట్ ముక్క మీద ఒక మగ పురుగు కాళ్లు తన్నిపెట్టి నిలబడి ఉంది. రెక్కలు పైకెత్తి, ఒకదానితో ఒకటి గబగబా రాస్తోంది.

"చూశావా? పాడదామనే చూస్తోంది. రావట్లేదు. రెక్కల్లో పస పోయింది."

"పాపం," అన్నాడు నెవిల్. మనుషుల గురించి కూడా అతను ఆ మాట అరుదుగా అంటాడు.

"రేపు కప్పలు పెంచుకునేవాళ్లు వస్తారు. వీటిని పట్టుకెళ్లి వాళ్ల పురుగుల్లో కలుపుతారు. వాళ్లవీ పోతాయి. కదిలేదాన్ని తప్ప ముట్టని కప్పలురా అవి. కళ్లు తెరుచుకుని ఆకలితో చస్తాయి."

"అయితే అమ్మకు."

"అమ్మకపోతే ఆగుతుందా? నా చేతులకి అంటుకుని పోతుంది. నీ టోపీకి అంటుకుని పోతుంది."

నెవిల్ గబుక్కున టోపీ దులుపుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మరి నువ్వెలా పడుకుంటావురా? ఈ గోల లేనిదే నీకు నిద్ర రాదుగా."

"ఈమధ్య ఎలాగూ రావట్లేదు," అన్నాడు డార్సీ.

పెరట్లో, పీతలు ఉడికించే పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించారు. డార్సీ ఒక్కో తొట్టీ మోసుకొచ్చి గడ్డిలో దించాడు. తొలి తొట్టి మీద గిన్నె తనే వంచాడు. పోపులో ఆవాలు ఎగిరినట్టు ఒక్కసారి ఎగిరి, తొట్టంతా చల్లబడిపోయింది. రెండోదానికి నెవిల్ చెయ్యి వేశాడు. ఆ తర్వాత ఇద్దరూ వంతులేసుకున్నారు. గిన్నె ఖాళీ అవడం, మళ్లీ పొయ్యెక్కడం, మళ్లీ ఖాళీ అవడం.

తడి కొబ్బరిపొట్టు నింపిన పళ్లేలు వచ్చాయి. వాటి నిండా కీచురాళ్ల గుడ్లు.

"ఇవైనా ఉంచుకోరా, విత్తనానికి," అన్నాడు నెవిల్.

"తల్లికున్నది గుడ్డుకి రాకుండా ఉంటుందా?" అని డార్సీ వాటి మీదా పోశాడు.

ఆఖరికి ఒక్క తొట్టి మిగిలింది. డార్సీ దాని పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. మూత పక్కన పెట్టి, చెవి తొట్టి అంచుకి ఆనించాడు.

"పాడండ్రా నాన్నా. ఒక్కటంటే ఒక్కటి కూయండి. మిమ్మల్ని తాకను. ఒట్టు."

చాలాసేపు అలాగే ఉన్నాడు. తొట్టిలోంచి ఒకటి ఎగిరి అతని చెంప మీద వాలింది. దాన్ని మెల్లగా రెండు వేళ్లతో పట్టి, తిరిగి మిగతావాటి మధ్యే వదిలాడు. లేచి, మొహం పక్కకి తిప్పుకుని, "పొయ్యరా," అన్నాడు.

నెవిల్ పోశాడు.

ఆవిరి ఇంకా తగ్గనేలేదు, కంచె అవతల పక్కింటి రోలీన్ కనిపించింది. భుజాన పసివాడు, తల వాల్చి గాఢంగా నిద్రపోతున్నాడు. మొహమంతా నవ్వుతో ఆమె దగ్గరికొచ్చి, పిల్లాడు లేవకుండా మెల్లగా అంది.

"మీకు పుణ్యముంటుంది పెద్దాయనా! పొద్దుట్నుంచీ వీడు కన్ను మూస్తే ఒట్టు. ఇందాక మీరిద్దరూ ఆ షెడ్డు గుమ్మంలో నిలబడ్డప్పుడైతే నేను కిటికీలన్నీ బిడాయించుకుని, చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఇంతకీ ఏం మందేశారు, అంతలా గొంతు చించుకుని అరుస్తున్నవి ఒక్కసారిగా నోరు మూశాయి?"